ఎడమ చెయ్యి

నూరేళ్ల పోటీ, నూరు ముఖాలు.
రెండు లారీల్లో ఎర్రదుమ్ము తాగుతూ
ఆస్ట్రేలియా నడిమధ్య మా గనుల ఊరికి వచ్చాయి.
పెట్టె విప్పినప్పుడల్లా ఒక చూపు:
నల్లకోటు జడ్జి, జబ్బుపడి లేచిన నటి,
పేరు నోరు తిరగని బిషప్పు,
తన్ను తానే నమ్మని ఒక చిత్రకారుడు.
టార్చి వేసి పగుళ్లు వెతకడం, రాసుకోవడం నా పని.
గెలిచినవాళ్ల చట్రాలకు పూత ఎక్కువ.
ఓడినవాళ్లే నన్ను ఎక్కువసేపు చూశారు.

ముప్పై ఏడో బొమ్మ: టెలిఫోన్ ఎక్స్ఛేంజి అమ్మాయి, 1958.
చెవులకు హెడ్‌ఫోను, ఆకుపచ్చ స్వెట్టరు,
మోచేతి దాకా వచ్చి ఆగిపోయిన ఎడమ చెయ్యి.
ఆపైన వట్టి బొగ్గుగీత.
పక్కన అచ్చుచీటీలో క్యురేటరు గారు రాశారు:
"ఈ అసంపూర్తి, కావాలని చేసిన సాహసం.
ఆధునిక స్త్రీ అస్తిత్వానికి ప్రశ్నార్థకం."
నేనూ నమ్మాను. నమ్మమనే కదా అచ్చు వేస్తారు.

మంగళవారం, పింఛనుదార్లకు టికెట్టు లేని రోజు,
నడకబండి తోసుకుంటూ బెరిల్ ట్రెవెనా వచ్చింది.
జడ్జిని చూసి "ఆ ఏడు వీడే గెలిచాడు" అంది.
బిషప్పును దాటేసింది.
ముప్పై ఏడు ముందు బండికి బ్రేకు వేసింది.
చీటీ చదివింది. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది.
దగ్గూ నవ్వూ కలిసి హాలంతా తిరిగి చూసింది.

"సాహసమా, పాడా! సైరను మోగిందమ్మా.
ఆరోసారి కూర్చున్నా. అప్పుడే చేతిదాకా వచ్చాడు.
మూడో బాయిలో పైకప్పు కూలింది. లేచి పరుగెత్తా.
ఆ రాత్రి బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి.
ఏ ఇంటి నుంచైనా ఒకటే మాట, మావాడు పైకొచ్చాడా?
తెల్లారేదాకా ఈ చేత్తోనే తీగలు గుచ్చా.
పదకొండు మంది ఆడవాళ్లకు
లైన్లో ఉండండి అన్నా, తెలిసి కూడా.
మళ్లీ కూర్చోమని అతను అడగలేదు. నేనూ పోలేదు."

కాసేపాగి,
"స్వెట్టరు నీలంది. వాడికి రంగులు తెలియవు."

చెయ్యి చాపింది. ఉబ్బిన కణుపులు, వంకర బొటనవేలు
నేలమీది గీత దాటి
బొగ్గుగీత ఆగిన చోటికి వెళ్లాయి.
అలారం కుయ్యిమంది.
వెనక్కి రమ్మనడం నా ఉద్యోగం.
వెళ్లి అలారం ఆపాను.

ఆరు వారాలకు లారీలు మళ్లీ వచ్చాయి.
క్యురేటరుకు రాసిన ఉత్తరానికి జవాబు లేదు.
అదే చీటీ తర్వాతి ఊరికి.
పెట్టె మూసేముందు టార్చి, ఫారం.
ముఖం: మార్పు లేదు. మెడ దగ్గర సన్న పగులు, పాతదే.
ఎడమ చెయ్యి గడి దగ్గర కలం ఆగింది.
"బొమ్మలో లేదు. ఊళ్లో ఉంది"
అని రాసి సంతకం పెట్టాను.