చల్లారిన బండి

అస్మారాలో తెల్లవారుజాము మూడున్నర.
ఈ వేళప్పుడు మా వీధి నేల మీద ఉండదు,
మబ్బులో ఉంటుంది.
నోరు తెరిస్తే ఆవిరి.
వెనక బుట్టలో దుప్పటి కింద
హంబాషా రొట్టెలు నాకంటే వెచ్చగా ఉన్నాయి.

చోక్ లాగాను.
తన్నాను.
ఒకటి, రెండు, ఏడు, పదకొండు.
పన్నెండోసారి దగ్గింది.
ఆశ పెట్టడానికే దగ్గుతుంది అది.
మళ్ళీ మొండికేసింది.
పై అంతస్తులో కిటికీ తెరుచుకుంది.
జహరా ముసలమ్మ ఏమీ అనలేదు,
అనాల్సిందంతా
కిటికీ మూసిన చప్పుడే అంది.

ఇక మామూలే.
వాలు దాకా తోసుకెళ్ళడం,
రెండో గేరులో క్లచ్ వదలడం,
అది ఉలిక్కిపడి లేవడం,
నా చెప్పు ఒకటి వెనక ఉండిపోవడం.
నలభై రోజులుగా ఇదే.

ఊరంతా వైద్యులే.
ప్లగ్ మార్చమన్నాడు బస్సు నడిపే తెవొల్దె.
మార్చాను.
పెట్రోలు పాతదై ఉంటుందన్నాడు ఇద్రిస్.
కూపన్ పెట్రోలు పాతబడేంత కాలం
నా దగ్గర ఎప్పుడుంది?
నూనె ఎక్కువ పోస్తున్నావేమో అంది అబ్రెహెత్ పిన్ని,
కూరకి చెప్పినట్టే.

మధ్యాహ్నం ఓగ్బాజ్గి కొట్టుకి తీసుకెళ్తే
ఒక్క తన్నుకే పలికింది.
డాక్టరు గుమ్మం ఎక్కగానే పంటినొప్పి మాయమైనట్టు.
వెధవ బండి, నన్ను అబద్ధాలకోరుని చేసింది.

అతను నవ్వలేదు.
"ఎండలో తిరిగొచ్చిన దాన్ని చూసి
రాత్రి జబ్బు ఎలా చెప్పను?
రేపు నేనే వస్తాను.
వచ్చేదాకా ముట్టుకోకు.
తొందరైనా ముట్టుకోకు."

వచ్చాడు.
మోచేతుల దగ్గర నలిగిన కోటు,
చెవుల మీదుగా తెల్ల శాలువా,
జేబులో ఒకే ఒక్క స్క్రూడ్రైవరు.
ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు.
జ్వరం ఉందేమోనని కాదు,
లేదని తేల్చుకోవడానికి.
మా భాషలో పొద్దుటి పలకరింపంటే
రాత్రి ఎలా గడిచిందని అడగడం.
ముందు దాన్ని అడిగాడు.
తర్వాత నన్ను.

ప్లగ్ విప్పి చూశాడు. పొడిగా ఉంది.
"తాగలేదు," అన్నాడు.
టార్చి నా చేతికిచ్చి
పక్క డొప్ప ఊడదీశాడు,
కార్బురేటర్ మూత తీశాడు.
"ఇప్పుడు చోక్ లాగు."
లాగాను.
"లాగమన్నాను."
లాగాననే చెప్పాను.
"అయితే ఇటొచ్చి చూడు."

గుండీ వేలెడు బయటికొచ్చి ఉంది.
ఇక్కడ, తీగకి ఈ చివర,
గోరంత ఇత్తడి మీట
ఒళ్ళెరగని నిద్రలో పడి ఉంది.
తొడుగు లోపలెక్కడో పోగులు తెగి, సాగి,
నేను లాగిందంతా
దారిలోనే తినేస్తోంది తీగ.

నలభై రోజులు
నేను అడుగుతూనే ఉన్నాను,
దానికి వినపడనే లేదు.
వేడెక్కాక నా సాయం అక్కర్లేదు గనక
పగలంతా ఏ లోటూ లేనట్టే
ఊరు తిరిగాం ఇద్దరం.

నాకు ఇంకెవరో గుర్తొచ్చారు.
"వెలుగు ఇటు," అన్నాడు ఓగ్బాజ్గి.

మీటని వేలితోనే ఎత్తి పట్టుకున్నాడు.
"తన్ను."
రెండో తన్నుకి లేచింది,
నీలంగా పొగ కక్కుతూ, వీధి వీధంతా లేపుతూ.
పై కిటికీ మళ్ళీ తెరుచుకుంది.
ఈసారి వెంటనే మూసుకోలేదు.

కొత్త తీగ ఎక్కడ దొరుకుతుందని అడిగాను.
"దొరకదు. సైకిలు బ్రేకు తీగ వేస్తా.
జానెడు పొడుగొస్తుంది, కత్తిరిద్దాం."
ఎంతివ్వాలంటే బుట్ట వైపు చూశాడు.
ఒక హంబాషా విరిచి
సగం స్క్రూడ్రైవరు పక్కన దోపుకున్నాడు,
సగం నా నోటికి అందించాడు,
నా చేతులు నల్లగా ఉన్నాయని.

పెట్రోలు దండగని
తాళం వైపు చెయ్యి చాపాను.
అడ్డం పెట్టాడు.
"ఉండనీ కాసేపు.
ఇప్పుడే కదా లేచింది."