ఒకటికి రెండువందలు

నా పని చెక్క కోయడం.
పోర్టోలో, నది వైపు దిగే సందులో, మూడో అంతస్తు.
బాల్సా చెక్క, సన్న కత్తి, జిగురు.
ముప్పై ఒక్క ఏళ్ళు.

లియొనోర్ క్వింటెల గీసిన ప్రతి కట్టడమూ
ముందు నా బల్ల మీదే లేచి నిలబడింది.
ఒకటికి రెండువందల కొలతలో
మనిషి బియ్యపు గింజంత.
ఆ గింజలకి కాళ్ళు చెక్కేవాణ్ణి.
"తలలు వంచకు బల్తజార్,
నా కప్పు కింద నిలబడేవాళ్ళు పైకే చూస్తారు"
అనేది, కళ్ళజోడు నుదుటికి ఎత్తి.

ఊళ్ళో ఉన్నది తక్కువ.
ట్రోమ్సోలో గ్రంథాలయానికి కిటికీ ఎక్కడ పెట్టాలో తేలక
పొద్దు పొడవని రెండు నెలలూ అక్కడే కూర్చుంది.
ఒక రాత్రి ఫోను:
"ఇక్కడ వెలుతురు ఆకాశం నుంచి రాదు,
నేల మీది మంచు నుంచి లేస్తుంది.
కిటికీలన్నీ మోకాళ్ళ దాకా దించు."
దించాను. పన్నెండు కిటికీలు, మళ్ళీ మొదట్నుంచీ.

ఎడారి దేశపు బ్యాంకు గోపురం, అరవై రెండు అంతస్తులు,
నా బల్ల మీదే ముసలిదైంది.
దాని ముంగిట మైదానంలో ఆఫీసు పిల్లి పడుకునేది.
దాని బొచ్చుకి అంటుకుని
బ్యాంకు ఖాతాదారులు సందంతా తిరిగొచ్చేవారు.

విడాకుల కాగితాలు ఆఫీసుకే వచ్చాయి.
రసీదు మీద నేనే సంతకం పెట్టాను.
ఆమె అప్పుడు మకావ్‌లో
రెండు మేడల మధ్య గాలిని కొలుస్తోంది.

పతకం మెడలో వేస్తున్నప్పటి ఫొటో ఉంది.
అందరూ ఆమెని చూస్తున్నారు,
ఆమె ఆ హాలు కప్పు మీది చెమ్మ మరకని చూస్తోంది.

అన్నిటికంటే ఆమెకి ప్రాణం మిందెలో చేపల బజారు.
కప్పులో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక చీలిక.
పొద్దున తొమ్మిదికి ఎండ అందులోంచి దూకి
నేల మీద గీతలా నడుస్తుంది.
ఆ ఎండే పుస్తకాల అట్టల మీదికెక్కింది.

పద్నాలుగేళ్ళకి, ఎవరికీ చెప్పకుండా, మళ్ళీ వెళ్ళింది.
చీలికకి అడ్డంగా నీలి టార్పాలిన్,
వలతాళ్ళతో బిగించి కట్టి ఉంది.
కింద జెరొనిమ అనే ఆవిడ సూరచేప కోస్తోంది.
ఇదేమిటని అడిగితే కత్తి ఆపకుండానే,
"ఎవడో మహానుభావుడు ఎండని తెచ్చి మా నెత్తిన పెట్టాడు.
నీళ్ళలో పుట్టినదానికి ఎండెందుకు తల్లీ?
పదింటికల్లా చేప కళ్ళు తెల్లబడిపోయేవి.
తెల్లకళ్ళ చేపని నువ్వు కొంటావా?"

ఎవడో కాదు నేనేనని చెప్పలేదట.
కిలో ముక్కలు కాగితంలో కట్టించుకుని
హోటల్ గదిలో ఏం చేసుకోవాలో తెలియక
మెట్ల దగ్గర కాపలావాడికిచ్చేసిందట.

తిరిగొచ్చిన రోజు కోటైనా విప్పకుండా
"మిందెలో అసలు డ్రాయింగు తియ్యి" అంది.
ఇనప బీరువా, అడుగు సొరుగు.
బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నా కత్తులూ జిగురుసీసాలూ బరువుపెట్టి
చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడింది.
తర్వాత నీలి పెన్సిల్ అడిగింది.
చీలిక మీద టార్పాలిన్ గీసింది,
మూడు మూలల ఒక్కో ముడి, నాలుగో మూల రెండు.
కట్టినవాళ్ళు అలాగే కట్టారట.
పక్కన తేదీ వేసి,
సవరణ చేసినవారి పేరు అన్న గడిలో
జెరొనిమ అని రాసింది.

మర్నాడు ఆమె రాకముందే
అటక మీంచి మోడల్ దించి దుమ్ము ఊదాను.
నా పాత నీలం చొక్కా జేబు కోసి కప్పు మీద అంటించాను.
కింద బియ్యపు గింజలు ఇంకా పైకే చూస్తున్నాయి,
అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా.
పట్టకారుతో ఒక్కో తలా
కాస్త కాస్త వంచాను, చేపల వైపు.

వచ్చి చూసింది.
కళ్ళజోడు నుదుటి మీంచి దించి మళ్ళీ చూసింది.
ఏమీ అనలేదు.