ఆలస్యపు చీటీ

పన్నెండు డిప్లొమాలు, పన్నెండు బంగారు బిళ్ళలు.
కుడివైపు అడుగున, వంకర పోకుండా
అంటించమన్నారు ప్రిన్సిపాల్.
ఇరవై ఆరేళ్ళుగా ఈ ఆఫీసు కిటికీ వెనక
ఆలస్యపు చీటీలు రాసిన చేతులివి.
ఎవరు ఎన్నిసార్లు ఆలస్యమయ్యారో
వీటికి కంఠతా వచ్చు.

బిళ్ళ అంచు చుట్టూ చీమల బారులా అక్షరాలు:
పౌర బాధ్యతకు గుర్తింపు.

మొదటిది యెసేనియా ఓర్నెలస్‌ది.
ఆలస్యాలు ముప్పై ఎనిమిది.
చలికాలమంతా తెల్లవారకముందే
లోమా సెకా కూడలిలో నిలబడి
బాదంకాయల లారీలు లెక్కపెట్టింది.
ఈ లోయలో మంచు దిగితే
చాచిన చేతికి వేళ్ళుండవు.
లారీ కనబడదు, వినబడుతుంది.
విన్నదానికల్లా ఒక గీత,
నాలుగు గీతల మీద అడ్డంగా ఇంకొకటి.
నోటుబుక్కు నిండా
కట్టెల మోపులే.

అక్కడ రోడ్డు దాటబోయి పడినవాడు
పా కౌ తమ్ముడు.
బతికాడు.
ఇప్పుడు మెట్లెక్కేటప్పుడు ఎడమకాలిని
వెనకబడ్డ చంటివాణ్ణి పిలిచినట్టు
పిలుచుకుంటాడు.

కౌంటీ సభలో మనిషికి మూడు నిమిషాలు.
గడువు దాటగానే మైకు పక్కన
ఎర్రదీపం వెలిగింది.
పా కౌ కాగితం మడిచి, దీపం వంక చూసి అంది:
"మాట్లాడేవాళ్ళని ఆపడానికి ఒకటుంది.
లారీల్ని ఆపడానికే లేదు."
ఎవరో నవ్వబోయి దగ్గారు.
పరిశీలిస్తామన్నారు.

అది మార్చి.
జూన్‌లో రాజధాని నుంచి పార్సిల్ వచ్చింది.
నిజం చెప్పొద్దూ, దీపమేమో అనుకున్నాను,
అంత చిన్న పెట్టెలో పట్టదని తెలిసి కూడా.
విప్పితే ఈ బిళ్ళలు.

మైదానంలో కుర్చీలు వేశాం.
పరిశీలిస్తామన్న పెద్దలు ముందు వరసలో కూర్చుని
అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.
రెఫూహియో వాళ్ళ నాన్న
షెడ్డు నుంచి తిన్నగా వచ్చాడు, చొక్కా మీద బాదం పొట్టుతో.
కొడుకు డిప్లొమా అందుకుని
బిళ్ళను గోటితో మెల్లగా గీకాడు.
"ఊడదులెండి," అన్నాను.
"మరి దీపం?" అన్నాడు.
నా సొరుగుల్లో అన్నిటికీ ఫారాలున్నాయి,
దానికి లేదు.
వాడి బిళ్ళ ఒక్కటే వంకరగా పడిందని
అప్పుడు చూశాను.

పిల్లలు తలోదిక్కూ వెళ్ళిపోయారు.
కాలేజీకి కొందరు, సైన్యానికి ఒకడు,
రెఫూహియో అదే షెడ్డుకి.
యెసేనియా నోటుబుక్కు నా కౌంటర్ మీద వదిలి వెళ్ళింది,
కావలసినవాళ్ళు తీసుకోవచ్చని.
ఆగస్టు పోయింది, అక్టోబర్ పోయింది.
దాని మీద నా కాఫీ కప్పు మరక పడింది.

మొన్న మళ్ళీ మంచు దిగింది.

ఇవాళ ఐదున్నరకి కూడలి పక్కన కారాపి
అద్దం దించాను.
చాలాసేపు నా ఊపిరే వినబడింది.
తర్వాత, దూరంగా, బరువుగా...
ఒక గీత.

బడికి వచ్చేసరికి మొదటి గంట కొట్టేశారు.
కిటికీ వెనక కూర్చుని, నా పేరు రాసి,
ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి
చీటీ నాకు నేనే చింపి ఇచ్చుకున్నాను.
కారణం అన్నచోట:
లారీలు, నూట పన్నెండు.