గడ్డకట్టని నీళ్లు

గుర్రప్పిల్లని అమ్మిన డబ్బుతో
ఇస్తాంబుల్ చూడ్డానికి వచ్చాం.
చలికాలం హోటల్ గదులు సగం ధరట.
చలంటే ఏమిటో తెలియనివాళ్లు పెట్టిన ధర అది.
మా చిల్దిర్‌లో జనవరి వస్తే
సరస్సు మీద బండి నడుస్తుంది.

ఇస్రాఫిల్ ఆ మంచు మీదే ముప్పయ్యేళ్లుగా
చక్రాల్లేని బండి తోలుతున్నాడు.
మువ్వలు కట్టిన రెండు గుర్రాలు,
వెనక ఫొటోలు తీసుకునే పట్నంవాళ్లు.
"చూడ్డానికొచ్చేవాళ్లని చూస్తూనే బతికాను,
ఒక్కసారి నేనూ చూడ్డానికి పోతాను" అన్నాడు.
పశువుల డాక్టరు రసీదు వెనక
పదకొండు పేర్లు రాసుకున్నాడు.

మొదటిరోజు మూడు కొట్టేశాం.
ఆరు మినార్ల మసీదులో కప్పు చూసి చూసి
నా మెడ పట్టేసింది.
నేల కింద నీటి మహల్లో అతని టోపీ జారిపడింది.
కాపలా కుర్రాడు చీపురుకర్రతో తీసి, పిండి ఇచ్చాడు
"చేపలు మేసేసేవి బాబాయ్" అంటూ.
కప్పు కింది బజారులో దారి తప్పి
మూడుసార్లు అదే దీపాల కొట్టు ముందు తేలాం.
మూడోసారి కొట్టువాడు కుర్చీలు వేసి టీ పోశాడు.
ఇంక కొనక తప్పలేదు.

రెండోరోజు మంచు పడింది.
రెండంగుళాలు.
మా గుర్రం ఒళ్లు దులుపుకుంటే రాలేంత.
బడులు మూశారు, బస్సులు అడ్డం తిరిగాయి.
గలతా టవర్ వాలులో
ఎత్తుమడమల బూట్ల ఆవిడొకామె
గోడ పట్టుకుని బిగుసుకుపోయింది.
ఇస్రాఫిల్ మోచెయ్యి అందించాడు.
ఆమెని దించి, ఒక ముసలాయన్ని ఎక్కించి,
రొట్టెల గంప కుర్రాణ్ణి దించి
"పాదమంతా ఒకేసారి ఆనించు, బాతులా నడు" అంటూ
గంటన్నర అక్కడే.
నేను అరుగు మీద సాలెప్ తాగుతూ చూశాను,
పైపెదవికి దాల్చినచెక్క పొడి.
అతను పైకొచ్చేసరికి టవర్ మూసేశారు.

మూడోరోజు ఓడ.
ఎమినోనులో ఎక్కి కడికోయ్‌లో దిగాలి.
నేను దిగలేదు.
ఈ నీళ్లు పడుకోవా, అని అడిగాను.
మా నీళ్లు నవంబరులో మూతపడితే
ఏప్రిల్ దాకా తెరుచుకోవు.
ఇంట్లో మా ఇద్దరి మాటలూ అంతే.

ప్రళయం నాడు బూర ఊదే దేవదూత పేరు అతనిది.
ఎడమ చెవిలో ఆ బూరే ఊదినా వినపడదు.
కుడిచెవి నా వైపు తిప్పుకుని కూర్చుని
గుర్రప్పిల్లని అమ్మిన రాత్రి
కొట్టంలో ఎందుకు పడుకున్నాడో చెప్పాడు.
నేను అడగలేదు.
కొంగలంత సముద్రపక్షులు
మా చేతుల్లోని నువ్వుల రొట్టె లాక్కుపోతున్నాయి.
అతను చెబుతూనే ఉన్నాడు.
ఆవలి ఒడ్డు వచ్చింది, వెళ్లింది,
మళ్లీ వచ్చింది.

మా అమ్మకి ఐదో ఆడపిల్లని నేను.
నాన్న పెట్టిన పేరు యెతెర్.
చాలు, అని అర్థం.
ఇంక ఆడపిల్లలొద్దు దేవుడా, చాలు.
యాభై రెండేళ్లుగా ఎవరు పిలిచినా
ముందు ఆ మాట వింటాను,
తర్వాతే పలుకుతాను.

నాలుగో విడత రేవులో దిగేసరికి దీపాలు పెట్టారు.
ఇస్రాఫిల్ రసీదు తీసి వెలుతురుకి పట్టుకున్నాడు.
ఇంకా ఎనిమిది.
రేపు మధ్యాహ్నం మా రైలు.
గేటు దగ్గర కాపలాదారు నన్ను గుర్తుపట్టాడు,
"అటువైపు ఏం మర్చిపోయావమ్మా?"

"యెతెర్!" వెనకనుంచి అతని కేక.
గాలిలో అది పేరో
అర్థమో తెలియలేదు.
అప్పటికే కార్డు ఆనించాను గేటుకి
రెండుసార్లు,
ఇద్దరికీ.