నేను పెట్టని పాదు

ప్రాణహిత సన్నబడ్డాక
ఇసుకలో మా పుచ్చతోట.
ఇటు సిరొంచ దీపాలు, అటు కాళేశ్వరం దీపాలు,
నడుమ చీకట్లో నేనూ, ఒక నూనెడబ్బా,
డబ్బాను కొట్టే కర్ర.

మొదట ఒకటే కూస్తుంది, నీళ్ళ అంచున.
జోడు అందుకుంటుంది.
రెండు గొంతులు ఇరవై అయినట్టుంటుంది.
"మంద దిగిందే!" అంటుంది పక్కతోట రాజుబాయి.
మంద కాదు వదినా,
మొగుడూ పెళ్ళాం
తమ హద్దు చదివి వినిపిస్తున్నారు,
తలాఠీ లేకుండానే.

బళ్ళో మరాఠీ పంతులు చెప్పేవాడు:
కోల్హా కాకడీలా రాజీ.
నక్కకు దోసకాయైనా చాలట.
ఇంట్లో అమ్మ తెలుగులో అనేది:
నక్కెక్కడ, నాకలోకమెక్కడ.
రెండు భాషల్లోనూ దానికి మర్యాద లేదు.
అది మాత్రం రెండు భాషల కాయలూ తిన్నది,
పండిందేదో తట్టి చూడకుండానే.

జాతరలో ఒకడు నక్కకొమ్ము అమ్మాడు,
వెంట్రుకల కుచ్చులో ఎముక ముక్క, మూడొందలు.
మా నాయన కొన్నాడు.
ఆ యేడే ఆయన పడవ తిరగబడింది.
ఇన్నేళ్ళుగా చూస్తున్నా,
ఏ నక్క నెత్తినా కొమ్ము లేదు.
ఒకదానికి గజ్జి ఉంది,
ఒకదానికి చెవి చిరిగి ఉంది.

ఆ చిరుగుచెవిది పోయినేటి పిల్ల.
ఈపాటికి వెళ్ళిపోవాలి, తన హద్దు తాను వెతుక్కోవాలి.
పోలేదు.
కొత్త కూనలు కళ్ళు తెరిచిన నాటినుంచి
ఎలుకల్నీ ఎండ్రకాయల్నీ కడుపులో మోసుకొచ్చి
బొరియ ముందు కక్కి పెడుతోంది.
తల్లి కాదు. అక్క.

ఆ రాత్రి నేను డబ్బా కొట్టలేదు.
ఎందుకని రాజుబాయి అడిగితే
నిద్ర పట్టిందన్నాను.
మా తమ్ముళ్ళిద్దరూ
అహేరిలో బస్సు దిగి ఫోన్ చేస్తారు,
"అక్కా, తిన్నవా?" అని.

నష్టం రాయించుకోను పోతే
కాగితంలో అడవిపందికి గడి ఉంది,
నీల్‌గాయికి ఉంది,
కోల్హాకు లేదు.
"పంది అని రాయి" అన్నాడు గుమస్తా.
రాయలేదు. అబద్ధమని కాదు,
అది వింటే నవ్వుతుందేమోనని.

వరదొచ్చి ఇసుకనూ తీగల్నీ కలిపి తీసుకుపోయింది.
గట్టుమీద, రేగుపొద పక్కన
ఎండిన పెంట,
అందులో వెంట్రుకలు, రేగుగింజలు,
రెండాకుల పుచ్చమొలక.

ఎండలోనే వాన.
కుక్కకూ నక్కకూ పెళ్ళంటూ పిల్లలు గెంతుతున్నారు.
కుక్కతో ఎందుకురా, దానికి జోడుంది కదా,
అనుకుంటూ
నేను పెట్టని ఆ పాదు చుట్టూ
నాలుగు ముళ్ళకంపలు గుచ్చి వచ్చాను.