మూడో తొట్టి

పొద్దున ఏడున్నర.
కొండ దిగిన బస్సుల నిండా
కొత్తగా గీసిన గుండ్లు, గంధం వాసన.
ల్యాబులో గుర్రప్ప గ్లూకోజు తూస్తుంటాడు,
లీటరుకి ఇరవై గ్రాములు.
"మా యింటిది కాఫీలో చెంచా చక్కెర ఎయ్యదు మేడం,
ఈడ నా చేత్తో చేపలకి పానకం కలపతా ఉండా."

మూడో తొట్టి చేపలు పానకం తాగవు.
అందులోనే బతుకుతాయి.
మొప్పల్లోంచి, చర్మంలోంచి
తీపి వాటిలోకి దిగుతుంది.

ఆక్సిజన్ నింపిన సంచుల్లో
హైదరాబాదు నుంచి ఇవి దిగిన రోజు
గుర్రప్ప ఒకటే నవ్వు:
"ఈ చారల చేపలకి రైలు టిక్కెట్టు దేనికి?
మా కాలవలో తుండుగుడ్డ పరిస్తే
సేరు పడేవి.
అప్పుడు కాలవలో నీళ్లుండేవిలే."

అతని వేలికి సూది గుచ్చితే ఒక చుక్క.
చేపకీ అదే మీటరు, అదే పట్టీ.
కానీ చేప దగ్గర ఆ చుక్క దొరకాలంటే
చేప ఉండకూడదు.
మంచునీళ్లలో అది కదలడం మానేసేదాకా
నేను తల తిప్పుకోను.
ఎన్ని చేపలో రాసిన కాగితం మీద
సంతకం నాదే.

ఈసారి చంపే పని కాదు.
తోక కొస కత్తిరించి
ఎదురుచూడటం.

మొదటి తొట్టిలో, మంచినీళ్లలో,
నాలుగో రోజుకే గాజుపొర లాంటి చిగురు.
పన్నెండో రోజుకి చారలతో సహా తోక.
మూడో తొట్టిలో
మొండి మొండిగానే.

గుర్రప్ప చెప్పులు బయట విడిచి వస్తాడు.
ఎడమకాలికి నాలుగే వేళ్లు.
ఐదోది పోయిన గంగజాతర వారంలో
రుయా ఆసుపత్రిలో తీసేశారు.

పదహారో రోజు
మైక్రోస్కోపు కింద మూడో తొట్టి చేపని పెట్టి
"చూస్తావా?" అన్నాను.
ఒక కన్ను మూసుకుని వంగాడు.
ఎంతకీ లేవడు.

"వస్తా ఉండాది మేడం."

మళ్లీ, నాతో కాదు:
"నిదానంగా. అయినా వస్తా ఉండాది."

చేప వేరు, మనిషి వేరు గుర్రప్పా
అనబోయి
లెన్సు తుడిచాను.
నా గ్రాఫుకి కావలసింది ఆ నిదానమే,
దాని నెత్తిన ఒక నక్షత్రం గుర్తు.

మర్నాడు
ఇరవై గ్రాములు తూచి
నా వైపు ఒకసారి చూసి
కాటా మీంచి చిటికెడు తీసి
డబ్బాలో వేసేశాడు.

నేను లాగ్‌బుక్కులో
ఇరవై అనే రాశాను.