సుద్ద ఒక్కటే

మండపేట దాటాక కాలువగట్టు మీద
రైసుమిల్లు కాటాగదిలో
నా ప్రోగ్రాం బిగుసుకుపోయిన రాత్రి
బయట ముప్పైయ్యొక్క ట్రాక్టర్లు.
దాళ్వా ధాన్యం. తేమ పదిహేడు. పైన మబ్బు.

తెర మీద కిటికీ
వెల్ల వేసిన గోడలా తెల్లబడింది.
నొక్కినకొద్దీ ఇంకా తెలుపు.
వరసలో ఎవరో హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా
నా పేరు తెలీదు గనక
కంప్యూటర్‌ని తిట్టారు.

తప్పు నాదే.
సెకనుకి పదిసార్లు కాటా నుంచి బరువు మోసుకొచ్చే థ్రెడ్‌ని
తెర వెనక కూచోబెట్టాను, అంతవరకు బాగానే ఉంది.
తెచ్చిన అంకెను తనే పోయి
కిటికీ మీద రాసుకోనిచ్చాను.
మా ఇంట్లో బల్ల మీద మూడు వారాలు
పొరపాటు లేకుండా రాసింది.
బల్ల మీదికి ట్రాక్టర్లు రావు కదా.

ముందు తాళాలు వేసి చూశాను.
రాసేముందు వెయ్యి, రాశాక తియ్యి.
పది నిమిషాలు నడిచింది.
తర్వాత కిటికీ థ్రెడ్ కోసం, థ్రెడ్ కిటికీ కోసం,
ఇరుకు వంతెన మీద ఎదురుపడ్డ రెండు బళ్ళు.
నువ్వు వెనక్కి తియ్యంటే నువ్వు తియ్యని.
కింద కాలువ మాత్రం పోతూనే ఉంది.

భూలోకం గారు అప్పటికే
అటక మీంచి నల్లబోర్డు దింపేశారు.
ఇరవై ఎనిమిదేళ్ళ గుమస్తాగిరీ, చెవి వెనక పెన్సిలు.
హమాలీలు ఆరు వైపుల నుంచి వస్తారు,
ఒక్కడూ బోర్డు జోలికి పోడు.
గుమ్మం పక్క ఇనుప చువ్వకి చీటీ గుచ్చి
వెనక్కి చూడకుండా బస్తాల్లోకి పోతాడు.
ఈయన తీరిక చూసుకుని
అడుగు చీటీ ముందు చింపుతారు,
ముందొచ్చినవాడిది ముందు.
ఒక చీటీ, ఒక అంకె, మళ్ళీ ఒక చీటీ.
మధ్యలో రైతెవరైనా తల దూర్చి
"నాదెంతయ్యిందండీ?" అంటే
ఆగి చెబుతారు. అందుకే ఆయన గది
ఎప్పుడూ తెల్లబడదు.

నేను గుడ్లప్పగించి చూస్తుంటే అన్నారు:
"ఆయ్, ఓసారి మన సింహాద్రప్పడి చేతికి సుద్ద ఇచ్చానమ్మా.
నేను రాస్తున్న అంకె మీదే ఆడూ రాసేశాడు.
పద్దెనిమిది బస్తాలు ఎవరివో
ఇప్పటికీ తేలలేదు.
చేతులు ఎన్నున్నా పర్లేదు. సుద్ద ఒక్కటే ఉండాలి."

మూడున్నరకి తాళాలన్నీ పీకేశాను.
థ్రెడ్ చేతిలోంచి సుద్ద లాక్కున్నాను.
ఇకనుంచి అది చీటీ గుచ్చుతుంది, పోతుంది.
రాశావా లేదా అని నిలబడి అడగదు.
కిటికీ తన చేత్తో తను రాసుకుంటుంది.

అక్కడితో అయిపోలేదు.
కాటా మీద బండి ఊగుతున్నంతసేపూ చీటీలే చీటీలు.
బండి దిగిపోయి టీ కొట్టు దగ్గర ఆగినా
తెర మీద దాని బరువు ఇంకా ఊగుతోంది.
బస్తాల చీటీ ఒక్కటీ పారెయ్యడానికి లేదు,
అది అన్నం లెక్క.
ఊగే బరువుకి మాత్రం ఒకటే మేకు కొట్టాను,
కొత్తది వస్తే పాతది రాలిపోతుంది.

ముప్పైయ్యొకటో ట్రాక్టరు దిగేసరికి
వాన రాలేదు, తెల్లారింది.
నా గాజుల మీద కూడా ఊక.
భూలోకం గారు చూపుడువేలు జాగ్రత్తగా పెట్టి
కిటికీ మూసేశారు.

సరిగ్గా అప్పుడే
ఎవరిదో కుక్క కాటా మీదికెక్కి ఒళ్ళు విరుచుకుంది.
ఇరవై కిలోలు.
థ్రెడ్ చీటీ రాసుకుని పరిగెత్తుకొచ్చింది,
ఉన్నావా అని అడిగింది,
లేదని తెలిసి
చీటీ చింపుకుని తన దారిన పోయింది.

నిన్నయితే ఇక్కడే కూలిపోయేది.
కుక్క దిగి గట్టు మీదికి పోయింది.
నేను బోర్డు తుడవబోతే
భూలోకం గారు సుద్ద జేబులో వేసుకుని
"ఉంచమ్మా, రేపూ ఉంటుంది కదా లోడు" అన్నారు.